సత్ప్రసాదం వరుసలోకి రాని వాళ్లు

ఫాదర్ గారికి, సిస్టర్లకు, ఇక్కడికి వచ్చిన దంపతులందరికీ నమస్కారం. అరగంటలో ముగించమన్నారు. విడాకులైనవాళ్లు, మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లు పూజలో క్రీస్తు శరీరంగా అందుకునే సత్ప్రసాదం తీసుకోవచ్చా అన్నది విషయం. మన కథోలిక శ్రీసభ రెండు వేల ఏళ్లుగా ముగించని ఆ విషయం నాకిచ్చి అరగంట అన్నారు, సరే, చూద్దాం.

నేను గురువును, అంటే ఫాదర్‌ని, కాను. మీలాగే పెళ్లైనవాణ్ణి. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఈయనకి కాస్త రాయడం వచ్చు కదా అని, పెళ్లి చెడి మేత్రాసన న్యాయస్థానానికి, అంటే బిషప్ గారి కింద నడిచే శ్రీసభ కోర్టుకి, వెళ్లాల్సిన వాళ్లు అర్జీ రాయించుకోవడానికి నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. వాళ్ల కోసమని చట్టాలు చదువుకున్నాను. కాబట్టి దీన్ని ప్రసంగం అనుకోకండి, అర్జీలు రాసేవాడి మాటలనుకోండి.

ముందు ఒకావిడ సంగతి చెబుతాను. ఊరూ పేరూ అడగొద్దు. ఏ ఆదివారమూ పూజ మానేది కాదు. చివరి బల్ల, నడవ పక్కన చోటు. సత్ప్రసాదం వేళ లోపల కూర్చున్నవాళ్లు వరుసలోకి వెళ్లాలంటే ఆవిడని దాటుకునే వెళ్లాలి. మోకాళ్లు పక్కకి తిప్పి, కుచ్చెళ్లు ఒక చేత్తో దగ్గరికి పట్టుకుని దారిచ్చేది. వాళ్లు తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అంతే. పదకొండేళ్లు. ఒకసారి వేరే పని మీద వాళ్లింటికి వెళ్లి, మాటల్లో అడిగాను. "విడాకులైనదాన్ని కదా సార్, తీసుకోకూడదు కదా" అంది. భర్త ఆవిడని వదిలేసి వేరే ఊళ్లో ఇంకో కాపురం పెట్టాడు. కోర్టుకి వెళ్లింది కూడా అతనే. ఈవిడ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మరి తీసుకోకూడదని ఎవరు చెప్పారమ్మా అంటే, ఎవరూ చెప్పలేదట. అందరికీ తెలిసిందే కదా అంది.

అందరికీ తెలిసిన ఆ సంగతి అబద్ధం.

మన దగ్గర మూడు విషయాలు ఒకే గంపలో పడిపోయాయి. విడిపోవడం ఒకటి, కోర్టులో విడాకులు తీసుకోవడం ఇంకొకటి, మళ్లీ పెళ్లి చేసుకోవడం వేరొకటి. సత్ప్రసాదానికి అడ్డొచ్చేది ఈ చివరిదే. తాగొచ్చి కొట్టే మనిషి దగ్గర్నుంచి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వచ్చేసినామెకి శ్రీసభ చట్టంలోనే చోటుంది. 1983 నాటి చట్టసంపుటిలో 1153వ నిబంధన అది. ఆలస్యం చేస్తే ప్రమాదం అనుకున్నప్పుడు ఎవరి అనుమతి కోసమూ ఆగక్కర్లేదని కూడా అందులోనే ఉంది. కోర్టు విడాకుల మాట సత్యోపదేశ గ్రంథం 2383వ పేరాలో చూడండి. పిల్లల సంరక్షణకో, న్యాయమైన హక్కులకో, ఆస్తి నిలబెట్టుకోవడానికో అదొక్కటే దారి అయితే, తీసుకున్నంత మాత్రాన తప్పు కాదు. ఇక వదిలివేయబడ్డ మనిషి మీద అసలు నేరమే లేదు. ఆవిడ పదకొండేళ్లు దారిచ్చింది, తనకి లేని తప్పుకి.

పెద్దమనుషుల్లో కూర్చుని స్టాంపు కాగితం మీద తెగతెంపులు రాసుకునే పద్ధతి ఒకటుంది మన ఊళ్లలో. మన క్రైస్తవులకి అది కోర్టులోనూ చెల్లదు, శ్రీసభలోనూ చెల్లదు. ఆ కాగితం పట్టుకుని మళ్లీ గుళ్లో పెళ్లి ప్రకటనలు వేయించడానికి వచ్చేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

సరే, మారుమనువు దగ్గరికి వద్దాం. మార్కు సువార్త పదో అధ్యాయం. పరిసయ్యులు, అంటే ధర్మశాస్త్రం పట్టుదలగా పాటించే ఆనాటి యూదులు, యేసుని విడాకుల గురించి అడిగింది ఊరికే కాదు. ద్వితీయోపదేశకాండంలో మోషే విడాకుల పత్రం రాసివ్వొచ్చన్నాడు. ఏ కారణానికి రాసివ్వొచ్చు అన్నదాని మీద ఆ కాలంలో ఇద్దరు యూదు బోధకుల బళ్లు వాదించుకునేవి. షమ్మయి బడివాళ్లు శీలం తప్పితేనే అన్నారు. హిల్లెలు బడివాళ్లు కూర మాడ్చినా చాలన్నారు. నవ్వకండి, నిజంగానే అలా ఉంది. యేసు ఈ బళ్లు రెండింటిలోనూ చేరలేదు. మీ హృదయ కాఠిన్యం చూసి మోషే ఒప్పుకున్నాడు, మొదట్లో ఇలా లేదు అని ఆదికాండానికి వెళ్లాడు. దేవుడు జతపరచినవారిని మనిషి వేరుచేయకూడదన్నాడు. ఆ సమాజంలో పత్రం రాసే చెయ్యి మగవాడిది. కూర మాడిందని వీధిలో పడే ఆడదాని వైపు నిలబడిన మాట అది. మనం అదే మాట పట్టుకొచ్చి దెబ్బలు తిన్న ఆడదాని ముందు పెడుతున్నాం.

మత్తయి సువార్తలో మాత్రం ఒక మినహాయింపు కనిపిస్తుంది. గ్రీకులో అక్కడున్న మాట పోర్నేయా. వ్యభిచారం అని అర్థం చెప్పి, దాని మీద మారుమనువుకి ఒప్పుకున్న సంఘాలున్నాయి. కథోలిక పండితుల్లో చాలామంది అది లేవీయకాండం నిషేధించిన దగ్గరి బంధుత్వపు పెళ్లిళ్ల గురించి అంటారు. తూర్పు ఆర్థడాక్స్ వాళ్లదింకో దారి. మొదటి పెళ్లే పెళ్లి అంటూనే, మనిషి బలహీనతని చూసి, పశ్చాత్తాప ప్రార్థనలు కలిసిన తంతుతో రెండో పెళ్లి చేస్తారు. 1563లో కథోలిక బిషప్‌ల ట్రెంట్ మహాసభ పెళ్లి బంధం మీద తీర్మానం రాస్తున్నప్పుడు వెనిస్ రాయబారులు అడ్డుపడ్డారు. తమ ఏలుబడిలోని దీవుల్లో ఈ తూర్పు ఆచారమే పాటించే గ్రీకు క్రైస్తవులున్నారు, వాళ్లని శపించినట్టు రాయొద్దన్నారు. మహాసభ వాక్యాన్ని తిప్పి రాసింది. శ్రీసభ బోధ తప్పు అనేవాళ్లు శాపగ్రస్తులు అందేగాని, గ్రీకుల ఆచారాన్ని నేరుగా ఖండించలేదు. అర్జీలు రాసేవాణ్ణి కదా, వాక్యాన్ని అలా తిప్పడంలో ఎంత పని ఉందో నాకు తెలుసు.

శ్రీసభ అనేదేమిటంటే, జ్ఞానస్నానం పొందిన ఇద్దరి మధ్య సరిగ్గా జరిగి, కాపురం కూడా అయిన పెళ్లిని భూమ్మీద ఏ అధికారమూ విప్పలేదు. పోపుగారూ విప్పలేరు. ఈ వాక్యంలో బరువంతా "సరిగ్గా జరిగి" అన్న మాట మీద ఉంది. న్యాయస్థానం చూసేది దాన్నే.

దీన్ని పెళ్లి రద్దు అంటుంటారు. ఆ మాట నాకు గిట్టదు. ఉన్నదాన్ని కదా రద్దు చేస్తాం. న్యాయస్థానం చెప్పేది, ఆ రోజు ఆ బలిపీఠం ముందు బంధం పడనే లేదని. తాళి కట్టారు, భోజనాలు పెట్టారు, ఫోటోలున్నాయి, అయినా ముడి పడలేదు. ఎందుకు పడలేదో సాక్ష్యాలతో చూపించాలి. బంధం ఉందని వాదించడానికి న్యాయస్థానంలో ఒక అధికారే ఉంటారు, బంధ పరిరక్షకుడని. వాళ్లూ వీళ్లూ రాజీపడి వచ్చినా ఆయన ఊరుకోరు. పిల్లల మాటేమిటి అని ప్రతి తల్లీ అడుగుతుంది. పెళ్లి చెల్లదంటే నా పిల్లలు ఏమవుతారు సార్ అని. ఏమీ అవరు. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా అది నిజమైన పెళ్లే అని నమ్మి చేసుకుంటే, ఆ పిల్లలు సక్రమ సంతానమే. 1137వ నిబంధన. దీన్ని నేను అర్జీ మొదటి పేజీ వెనక పెన్సిల్‌తో రాసిస్తుంటాను, ఇంటికెళ్లి అత్తగారికి చూపించుకోవడానికి.

మన తెలుగువాళ్ల పెళ్లిళ్లలో ముడి ఎక్కడెక్కడ పడదో చెబుతాను, ఇది పుస్తకాల్లో దొరకదు. మొదటిది మేనరికం. మేనమామకి మేనకోడల్ని ఇస్తాం, మేనత్త కొడుక్కి ఇస్తాం. శ్రీసభ లెక్కలో మొదటిది మూడో మెట్టు, రెండోది నాలుగో మెట్టు. నాలుగో మెట్టు దాకా బిషప్ గారి మినహాయింపు లేకుండా చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. మినహాయింపు అడిగితే ఇస్తారు. మనవాళ్లు బంధుత్వం దాచి, దూరపు చుట్టం అని రాయిస్తారు. రెండోది, గుంటూరు వైపు మరీ ఎక్కువ: మన అమ్మాయి, లూథరన్ అబ్బాయి. పెళ్లి వాళ్ల గుళ్లో, వాళ్ల పాస్టరుగారి చేతుల మీద. మన బిషప్ గారి అనుమతి కాగితం లేదు. లేదా అబ్బాయి హిందువు, పెళ్లి గుడి మండపంలోనో రిజిస్ట్రార్ ఆఫీసులోనో. అనుమతులు లేకపోతే ఇవేవీ శ్రీసభ లెక్కలో పెళ్లిళ్లు కావు. విడాకులు ఎరగని, హాయిగా కాపురం చేసుకుంటున్న వీళ్లు కూడా సత్ప్రసాదం తీసుకోకూడని స్థితిలోనే ఉన్నారు. వీళ్లలో సగం మందికి ఆ సంగతి తెలియదు, వరుసలో ముందుంటారు. తీసుకోదగ్గ ఆవిడేమో చివరి బల్లలో. వీళ్ల సమస్య తీర్చడం మాత్రం తేలిక. ఇద్దరికీ వేరే పెళ్లి బంధం లేకపోతే, మీ గుడి చూసుకునే విచారణ గురువుగారి దగ్గరికి వెళ్తే ఇద్దరు సాక్షులతో సరిచేస్తారు. పందిళ్లూ బ్యాండుమేళమూ అక్కర్లేదు.

తిరకాసు ఒకటుంది. ఇద్దరు లూథరన్లు వాళ్ల గుళ్లో చేసుకున్న పెళ్లిని మనం చెల్లుతుందనే అంటాం. ఇద్దరు హిందువులు చేసుకున్న పెళ్లి కూడా పెళ్లే. మన పద్ధతి పాటించాలన్న నియమం కథోలికులకే. కాబట్టి "అబ్బాయికి ముందు పెళ్లైంది గానీ అది మన గుళ్లో కాదులెండి" అని తేలిగ్గా తీసేయకండి.

మూడోది భయం. బలవంతం మీద, గట్టి భయం మీద ఒప్పుకున్న ఒప్పుదల ఒప్పుదల కాదు, 1103వ నిబంధన. సినిమాల్లోలా కత్తి పెట్టనక్కర్లేదు. ఒకమ్మాయి చెప్పింది: పెళ్లికి నాలుగు రోజుల ముందు, వద్దంటే వాళ్లమ్మ పురుగుమందు డబ్బా తెచ్చి అన్నం పళ్లెం పక్కన పెట్టుకుని కూర్చుందట. ఏమీ అనలేదట. అన్నం కలుపుకుంటూ కూతురి మొహం చూసిందట. ఆ అమ్మాయి గుళ్లో సమ్మతమే అంది. అది సమ్మతమా? నేను అర్జీలో డబ్బా మూత ఏ రంగో కూడా రాశాను. అలాంటివే సాక్ష్యాన్ని నిలబెడతాయి.

ఒకప్పుడు ఈ తీర్పు రెండు న్యాయస్థానాల్లో ఒకేలా రావాలి. 1741లో పద్నాలుగో బెనెడిక్ట్ పోపు పెట్టిన నియమం. 2015లో ఫ్రాన్సిస్ పోపు దాన్ని తీసేశారు. ఒక్క తీర్పు చాలు, ఎవరూ అప్పీలు చేయకపోతే. కారణం పట్టపగల్లా కనిపిస్తూ ఇద్దరూ ఒప్పుకుంటే బిషప్ గారే తేల్చే పొట్టి దారి కూడా పెట్టారు. ఖర్చు వీలైనంతవరకు ఉండకూడదన్నారు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ తీర్పు దేశం కోర్టులో పనికిరాదు. సుప్రీంకోర్టు 1996లోనూ చెప్పింది, 2017 జనవరిలోనూ చెప్పింది. శ్రీసభ న్యాయస్థానంలో గెలిచి, కోర్టు విడాకులు లేకుండా మళ్లీ పెళ్లి చేసుకుంటే చట్టం దృష్టిలో రెండో పెళ్లి నేరం. రెండు గడపలూ ఎక్కాలి. 2001 దాకా మన క్రైస్తవ స్త్రీకి కోర్టు గడప మరీ ఎత్తు. 1869 నాటి చట్టం ప్రకారం భర్త, భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే చాలు. భార్య మాత్రం వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా చూపించాలి. పరస్పర అంగీకారపు విడాకులు కూడా 2001 సవరణతోనే వచ్చాయి.

ఇప్పుడు అసలు చిక్కు. ముడి పడింది, సాక్ష్యాలకి లోటు లేదు, పెళ్లి చెల్లుతుంది. అయినా కాపురం కూలింది. రెండో పెళ్లి అయింది, కోర్టులో. పిల్లలు పుట్టారు. ఇరవై ఏళ్లు గడిచాయి. అలాంటి ఒకామె సత్ప్రసాదం అడుగుతోంది. ఏం చెప్పాలి?

1981లో రెండో జాన్ పాల్ పోపు కుటుంబాల గురించి రాసిన లేఖ 84వ పేరాలో జవాబిచ్చారు. వీళ్లు శ్రీసభ నుంచి వేరుపడినవాళ్లు కాదు, పూజకి రావాలి, ప్రార్థించాలి అన్నారు. సత్ప్రసాదం మాత్రం, పిల్లల కోసమో మరో కారణానికో విడిపోలేని వాళ్లు అన్నాచెల్లెళ్లలా బతికితేనే అన్నారు. ఆయన చెప్పిన కారణం జాగ్రత్తగా వినండి, వాదించేవాళ్లు చాలామంది దాన్ని వదిలేస్తారు. వీళ్లు ఘోరపాపులు అన్నది కాదు ఆ కారణం. సత్ప్రసాదం క్రీస్తుకీ శ్రీసభకీ మధ్య విడిపోని ప్రేమకి గుర్తు, వీళ్ల జీవన స్థితి ఆ గుర్తుకి ఎదురుగా నిలబడింది అన్నది. రెండో కారణం, జనం పెళ్లి బంధం గురించి తప్పుగా అర్థం చేసుకుంటారని. అంటే "పాపం, ఆమె తప్పేముంది" అన్నంత మాత్రాన ఆయనకి జవాబు చెప్పినట్టు కాదు.

1993లో ముగ్గురు జర్మన్ బిషప్‌లు, అందులో వాల్టర్ కాస్పర్ ఒకరు, కొందరి విషయంలో గురువుతో మాట్లాడుకుని, మనస్సాక్షి ప్రకారం రావొచ్చన్నారు. మరుసటి ఏడు రోమ్ కాదంది. ఆ జవాబు మీద సంతకం కార్డినల్ రాట్జింగర్‌ది, తర్వాత పదహారో బెనెడిక్ట్ పోపు అయిన ఆయనదే. ఇరవై ఏళ్ల తర్వాత, 2014 ఫిబ్రవరిలో, అదే కాస్పర్‌ని ఫ్రాన్సిస్ పోపు కార్డినళ్ల ముందు మాట్లాడమన్నారు. తర్వాత రెండు సినడ్లు, అంటే బిషప్‌ల సభలు. 2015 సభ తుది నివేదికలో ఈ విషయం మీద 85వ పేరాకి 178 ఓట్లు అనుకూలం, 80 వ్యతిరేకం. నెగ్గడానికి కావలసినవి 177. ఒక్క ఓటు. మన పంచాయతీ ఎన్నికల్లా లేదూ!

2016 ఏప్రిల్‌లో ఫ్రాన్సిస్ పోపు లేఖ వచ్చింది, అమోరిస్ లేతిత్సియా. ఎనిమిదో అధ్యాయం. ఆయన మన చిన్నప్పటి ఉపదేశం దగ్గరికే వెళ్లారు. చావైన పాపానికి ఏం కావాలి? ఘోరమైన విషయం, పూర్తి తెలివి, పూర్తి సమ్మతి. ఉపదేశి దగ్గర బట్టీ పట్టాం. విషయం ఘోరమే, కాదనలేదు. మిగతా రెండూ ఉన్నాయా? ఇరవై నాలుగేళ్లకి ఇద్దరు పిల్లలతో వదిలివేయబడి, తిండి కోసం, నీడ కోసం ఒప్పుకున్న మనిషిది పూర్తి సమ్మతేనా? ఇప్పుడు ఆ రెండో ఇంటిని విడగొడితే పిల్లలకి కొత్త అన్యాయం కాదా? ఆయన మధ్యయుగపు వేదాంతి తోమా అక్వినాసు మాట ఎత్తారు. సూత్రం పైనుంచి చూస్తే అందరికీ ఒకటే, కిందికి, ఒక్కో సందర్భంలోకి దిగేకొద్దీ అది తప్పే చోట్లు పెరుగుతాయని. తర్వాత 305వ పేరాకి 351వ అడుగు సూచికలో, కొన్ని సందర్భాల్లో దివ్యసంస్కారాల, అంటే సత్ప్రసాదం లాంటివాటి, సాయం కూడా ఉండొచ్చని ఒక్క వాక్యం. సత్ప్రసాదం పరిపూర్ణులకి బహుమతి కాదు, బలహీనులకి మందు, ఆహారం అని కూడా అక్కడే.

నా మాట చెబుతాను, ఫాదర్ గారు ఒప్పుకోకపోవచ్చు. అడుగు సూచికలో పెట్టాల్సిన మాట కాదది. అంత పెద్ద సంగతిని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పెడితే, ఎవరికి కావాల్సినట్టు వాళ్లు చదువుకుంటారు. అదే జరిగింది. అదే ఏడు జూలైలో ఫిలడెల్ఫియా ఆర్చిబిషప్ అన్నాచెల్లెళ్లలా బతికితేనే అన్నారు. సెప్టెంబరులో బ్యూనస్ ఐరిస్ ప్రాంతపు బిషప్‌లు, కొన్ని చిక్కు సందర్భాల్లో, బాధ్యత తగ్గించే పరిస్థితులుంటే, దారి తెరుచుకోవచ్చన్నారు. దానికి వేరే అర్థం లేదని పోపుగారే వాళ్లకి జవాబు రాశారు. బర్క్, బ్రాండ్‌మ్యుల్లర్, కఫార్రా, మైస్నర్ అనే నలుగురు కార్డినళ్లు పోపుగారికి ఐదు ప్రశ్నలు పంపారు. జవాబు రాకపోయేసరికి నవంబరులో బయటపెట్టారు. వాళ్ల భయం మూర్ఖపు భయం కాదు. మారాలన్న సంకల్పం లేకుండా పాపసంకీర్తనం, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం, ఎలా చెల్లుతుంది అన్న ప్రశ్నకి నేను ఇప్పటికీ తేలిగ్గా జవాబు చెప్పలేను. అయినా పదేళ్లుగా అర్జీలు రాశాక, నేను బ్యూనస్ ఐరిస్ బిషప్‌ల వైపే మొగ్గాను. నా ముందు కూర్చున్నవాళ్లలో శ్రీసభని మోసం చేద్దామని వచ్చినవాళ్లు ఒకరిద్దరే. మిగతావాళ్లు తమ తప్పుని ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పినవాళ్లే.

అలాగని ఆ దారి ఎవరికి వాళ్లు నడిచేసేది కాదు. "నా మనస్సాక్షి ఒప్పుకుంది" అని వరుసలో నిలబడితే కాదు. మొదటి భాగస్వామి ఏమయ్యారు, పిల్లలకి ఏం చేశావు, న్యాయస్థానానికి వెళ్లి చూశావా, ఇవన్నీ ఒక గురువుతో కూర్చుని నెలల తరబడి తేల్చుకోవాలి. పది సబ్‌స్టేషన్లు, అంటే పల్లెల్లోని చిన్న గుళ్లు, తిరిగే ఫాదర్ గారికి ఆ తీరిక ఎక్కడిది? మన దగ్గర సిద్ధాంతం కంటే ముందు ఈ లోటుంది. తేల్చుకున్నాక కూడా, ఆమె సంగతి ఊరందరికీ తెలిసిన గుళ్లో కాకుండా తెలియని చోట తీసుకోమని చెప్పాల్సి రావొచ్చు. ఇది విన్నప్పుడు కొందరికి దొంగచాటుగా ఉంటుంది. నాకూ కొంచెం అలాగే ఉంటుంది.

వరుసలో నిలబడ్డవాళ్లని చూసే మనలాంటివాళ్లకి ఒక మాట. 916వ నిబంధన తనని తాను పరీక్షించుకోవడం గురించి. 915వది, బహిరంగంగా మొండికేసినవాళ్లకి ఇవ్వకూడదని, ఇచ్చేవాళ్ల గురించి. బల్లలో కూర్చుని లెక్కపెట్టేవాళ్లకి ఏ నిబంధనా లేదు.

వెనకనుంచి ఎవరో చెయ్యెత్తారు. అడగమ్మా. అమెరికాలో, డాలస్‌లో ఉన్న అమ్మాయా? ఇక్కడ మన గుళ్లోనే పెళ్లైంది, అక్కడ కోర్టులో విడాకులైంది, మళ్లీ కోర్టులోనే పెళ్లి చేసుకుంది. ఇప్పుడు వాళ్ల పాపకి జ్ఞానస్నానం. సరే. అమ్మాయి ఇండియా రానక్కర్లేదు. 2015 మార్పు తర్వాత, తను కాపురముంటున్న చోటి న్యాయస్థానమే అర్జీ తీసుకోవచ్చు. ఇక్కడి పెళ్లి పత్రం, ఇద్దరి జ్ఞానస్నాన పత్రాలు, అక్కడి కోర్టు తీర్పు కాపీ కావాలి. పాప జ్ఞానస్నానం దీని కోసం ఆపక్కర్లేదు, విశ్వాసంలో పెంచుతామన్న నమ్మకం గురువుగారికి కలగాలి, అంతే. ఇక సాక్షులు. మీరొక్కరే చాలరు, మీరు తల్లి కాబట్టి అమ్మాయి వైపే మాట్లాడతారనుకుంటారు, అయినా మీ పేరూ రాయండి. పెళ్లికి ముందు రోజు రాత్రి మీ ఇంట్లో అమ్మాయి పక్కన ఎవరు పడుకున్నారు? పిన్ని కూతురా? ఆ రాత్రి ఏం మాట్లాడుకున్నారో ఆ పిల్లకి గుర్తుందేమో అడగండి. ముందు ఆ పిల్ల పేరు, ఫోన్ నంబరు రాయండి.